ముత్యం పిట్ట

జనవరి 5, సోమవారం

నా చెల్లె పోసవ్వ నన్ను అబద్ధాలకోరన్నది. మొగుడి పదకొండో దినం నాడు, బంతి మీద కూర్చున్న చుట్టాలందరి ముందు అన్నది. పదేళ్లు దాటింది. ఇవాళ్టి దాకా ఆ మాట వెనక్కి తీసుకోలేదు. నా గడప తొక్కలేదు. బతుకమ్మ పండక్కి తోలుకొస్తానని కబురు పంపితే, బిచ్కుంద నుంచి బాన్సువాడకు బస్సులు బందయినయని చెప్పమన్నదట. రోజూ పోయే బస్సు.

ఎరువుల దుకాణం వాడు కొత్త సంవత్సరమని ఈ డైరీ ఇచ్చాడు. నేను మళ్లీ పోసవ్వ ముచ్చట ఎత్తితే పూలమ్మ దీన్ని నా ఒళ్లో పడేసింది.

"ఇగ నా చెవులు తిన్నది చాలు. గీ బుక్కుకు చెప్పుకో పో."

"నీ చెవులేమన్న అరిగిపోయినయా?"

"అరిగిపోతే మంచిగుండు. నీ మాట ఇనపడకపోవు."

నలభై ఏళ్లు కాపురం చేసిన పెండ్లాం అనవలసిన మాటేనా ఇది. రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు నావి. తప్పులు పోతే పోనీ. చదివేది నేనే.

జనవరి 6

సంగతి రాసిపెడతాను. రేపు నేను పోయాక కూడా కాగితం మీద ఉండాలి.

నేను నిజాంసాగర్ కాలువ మీద లష్కర్‌గా చేసి దిగిపోయినవాణ్ని. తూములు ఎత్తడం, దించడం, కట్ట వెంబడి నడవడం, ఇదే నా బతుకు. కట్ట మీది ప్రతి చెట్టూ నాకు తెలుసు. అందుకే దసరా నాడు జమ్మికి పోయేటప్పుడు ఊరంతా నా వెనకే నడిచేది. పాలపిట్టను చూపేది నేనే. ఆ రోజు దాన్ని చూసి మొక్కితే ఏడంతా మంచిదని, చూడందే ఎవరూ ఇంటికి మళ్లరు. నేను వేలు చూపితే మొక్కేవారు. సర్పంచి కూడా మొక్కేవాడు.

బావ పోయిన ఏడు పోసవ్వను, ఆమె మొగుడు సాయిలు బావను పండక్కి నేనే తోలుకొచ్చాను. బావ తమ్ముడు గోపాల్ కూడా వచ్చాడు. పొద్దుగూకే వేళ. కట్ట మీద ఎండిన ఇప్పచెట్టు, దాని చిటారు కొమ్మన నీలం పిట్ట. నా కన్ను అప్పుడు బాగానే ఉంది. వేలు చూపాను. అందరూ మొక్కారు. బావయితే చెప్పులు విడిచి మొక్కాడు.

గోపాల్ ఒక్కడు, "బావా, గది పాలపిట్టేనా? గింత చిన్నగుంది" అన్నాడు.

"దూరముంటే ఏనుగు గూడ చిన్నగనే ఉంటది. నడువు" అన్నాను. జనమంతా నవ్వారు. ఇంటికొచ్చాం, తిన్నాం, కల్లు తాగాం. పండగంటే అదే కదా.

ఆ తర్వాత వరికోతల్లో బావను పాము కరిచింది. దవాఖానకు తెచ్చేలోపే దారిలో పోయాడు.

పాము కరిస్తే పామును అనాలి. నన్ను అన్నది. "మా అన్నకు కల్లు మీద పాణం గుంజింది. జల్ది ఇంటికి మలపాలని ఏదో పిట్టను సూపి పాలపిట్టన్నడు. తెల్శే అన్నడు. నా మొగడు పాలపిట్టను సూడకుంటనే పోయిండు."

తెలిసే అన్నానట.

అప్పటి నుంచి నస్రుల్లాబాద్ అంగట్లో కల్తీ విత్తనం దొరికినా, పాలల్లో నీళ్లు కలిసినా, "గిది ముత్యం పిట్ట" అంటారు. నా పేరు ముత్యం. మా నాయన పెట్టిన పేరు.

నేను మళ్లీ జమ్మికి పోలేదు.

జనవరి 9

కంట్లో చుక్కలు వేసుకున్నాను. దీపావళి తర్వాత కుడి కంటికి పొర తీశారు. ఇప్పుడు అన్నీ కడిగినట్టు కనపడుతున్నాయి. పూలమ్మ మొహం మీద ఇన్ని ముడతలున్నాయని ఇన్నాళ్లూ తెలియదన్నాను. చెంబు విసిరింది.

పొర ఈ మధ్య పెరిగింది. అప్పుడు కన్ను బాగానే ఉంది.

జనవరి 18, ఆదివారం

అదే చెట్టు. అదే కొమ్మ. నీలం.

ఎన్నేళ్లకో కట్ట మీదికి పోయాను. కొత్త కన్నుతో కాలువను చూద్దామని పోయాను, పిట్ట కోసం కాదు. ఇప్పచెట్టు ఇంకా నిలబడే ఉంది. చిటారున నీలం మెరిసింది. చేయి దానంతట అదే లేచింది. చూడడానికి పక్కన ఒక్కడూ లేడు.

దగ్గరికి పోయాను. పిట్ట పెరగలేదు. ఎంత దగ్గరికి పోయినా అంతే ఉంది. పిచ్చుకకు కొంచెం ఎక్కువ. కొమ్మ మీద నుంచి గాల్లోకి లేచి దేన్నో టక్కున అందుకొని మళ్లీ అదే కొమ్మ మీద వాలింది. మళ్లీ లేచింది, మళ్లీ వాలింది.

పాలపిట్ట పిల్ల అయి ఉంటుంది. ఆడుకుంటోంది.

జనవరి 20

పిల్ల కాదట.

మంజుల అని వ్యవసాయం ఆఫీసు పిల్ల, ఎవరు ఏ పంట వేశారో రాసుకోవడానికి స్కూటీ మీద వస్తుంది. మహమ్మద్ నగర్ దిక్కు తండా వాళ్ల బిడ్డ. ఇవాళ పంట రాయడం మాని, మెడలో కెమెరాతో కట్ట మీద నిలబడి ఉంది.

"తాతా, గా ఇప్పచెట్టు మీద పిట్టను చూసినవా?"

"నాకు చూపిస్తున్నవా? పాలపిట్ట పిల్ల అది."

నవ్వింది. "పాలపిట్ట గూడు పెట్టేది ఎండకాలం తాతా. గీ చలిల పిల్లలేడికెల్లి వస్తయి? పిల్ల గూడ ఎగిరే యాళ్లకు తల్లంత అయితది. నువ్వు ఎన్ని జూడలే?"

చూశాను. నాకు తెలియదా.

"పాలపిట్ట రొమ్ము ఏం రంగు?"

"మట్టి రంగు."

"దీనిది?"

నాకు పరీక్ష పెట్టడానికి ఈమె ఎవరు?

అయినా వదలలేదు. కెమెరాలో పెద్దగా చేసి చూపింది. ఒళ్లంతా ఒకటే నీలం, పచ్చ కలిసిన నీలం. రెక్కల్లో పాలపిట్టకుండే పట్టీలు లేవు. ముక్కు చిన్నది, కంటి ముందు కాటుక కారినట్టు నలుపు. "లేచి పురుగును పట్టి మళ్లా గదే కొమ్మ మీదికొస్తది, సూశినవా? పాలపిట్ట కిందికి దుంకి మిడతను పడ్తది. గిది గాల్లనే పడ్తది."

"అయితే ఇదేంది?"

"వెర్డిటర్ ఫ్లైక్యాచర్."

"తెలుగుల చెప్పు."

"ఈగలు పట్టే పిట్ట అనుకో."

"దీని ఊరు?"

"హిమాలయ గుట్టలు, గాడి అడవులు. చలికి కిందికి దిగొస్తది. ఎండలు ముదిరితే ఎల్లిపోతది."

"ఊరుగాని ఊరు పిట్టను మా కట్ట మీదికి ఎవలు రమ్మన్నరు?"

"మా తండావాళ్లను చెరుకు కొట్టేతందుకు మహారాష్ట్రకు ఎవలు రమ్మన్నరు తాతా? కడుపు రమ్మన్నది."

పంటలు రాసుకో, పిట్టలను రాయకు అని చెప్పి వచ్చేశాను. చిన్నా పెద్దా లేకుండా పోయింది.

జనవరి 21

పాలపిట్ట కాదు.

ఇది కాదు. ఆ రోజుది వేరు. ఆ రోజుది పాలపిట్టే.

జనవరి 25, ఆదివారం

పూలమ్మను అడిగాను. ఆ దసరా నాడు ఇప్పచెట్టు మీద నువ్వేం చూశావని.

"నీ యేలు జూసిన."

"యేలు కాదు. పిట్టను."

"నాకు పిట్ట గిట్ట ఏం కనపడలె. నువ్వు గాడుంది అన్నవు, మొక్కిన. ఏటేటా గంతే గద."

"ఏటేటా?"

"ఊరోళ్లంత గంతే. నీ యేలు ఎటుంటె అటు మొక్కుడు. పిల్లలు ఆకలంటుండ్రి, కూర మాడుతుందని ఫికర్. గాడ నిలబడి ఎవలు ఎతుకుతరు?"

అన్నం ముట్టకుండా లేచాను. ముప్పై ఏళ్లు ఊరికి పాలపిట్టను చూపానని అనుకున్నాను. ముప్పై ఏళ్లు నా వేలును చూపాను.

నిజం చూసింది ఒక్క గోపాలే. వాణ్ని తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

ఫిబ్రవరి 2, సోమవారం

మంజుల మళ్లీ వచ్చింది. కోపం పోలేదా తాతా అన్నది. పోలేదన్నాను. అయితే కోపంతోనే ఒక చాయ్ పోయించు అన్నది. పూలమ్మ పోసింది. పోసి ఊరుకోకుండా కథంతా చెప్పింది, కల్లు ముక్కతో సహా.

అంతా విని ఆ పిల్ల ఒకటే అడిగింది. "ఆ ఏడు దసరా ముందొచ్చిందా, ఆలస్యంగొచ్చిందా?"

నాకు కోపమొచ్చింది. చచ్చిన మనిషి గురించి చెబుతుంటే పండగ తేదీ అడుగుతుందేమిటి?

పూలమ్మ చెప్పింది. "ఆలస్యమే బిడ్డా. చలి పడ్డది. సాయిలన్న తలకు రుమాలు కట్టుకుండు."

"అయితే గా పిట్ట అప్పటికే దిగి ఉంటది. దసరా ముందొచ్చిన ఏడైతే గుట్టల మీదనే ఉంటుండె."

"గదే పిట్టనా?" అన్నాను.

"గదే పిట్టని నేనెట్ల చెప్త తాతా? గా జాతి పిట్ట గా దినం గా చెట్టు మీద ఉండొచ్చు. గంతవరకే చెప్త."

పిట్ట ఫొటో కడిగించి తెచ్చింది. నేను అడగలేదు. మంచం మీద పెట్టి పోయింది.

ఫిబ్రవరి 3

పాలపిట్టనే చూపానంటే నేను అబద్ధాలకోరును. పదేళ్లుగా అదే అంటున్నారు. ఈ ఈగల పిట్టను చూపానంటే అబద్ధం నా నెత్తి మీది నుంచి పోతుంది. కొమ్మ మీద పిట్ట ఉంది, నీలంగా ఉంది, నేను చూసిందే చూపాను. కానీ అప్పుడు ఏమంటారు? లష్కర్ ముత్యానికి పాలపిట్ట తెలియదంటారు. కాలువ మీద పుట్టినవాడు గుట్టల పిట్టకు మొక్కించాడంటారు.

అబద్ధాలకోరా, గుడ్డివాడా? కోరుకొమ్మంటే నేను ఏది కోరుకోవాలి?

ఫొటోను మడిచి జేబులో పెట్టుకున్నాను. పూలమ్మ ఎక్కడ పారేస్తుందో అని, అంతే.

ఫిబ్రవరి 16, సోమవారం

శివరాత్రి ఒక్కపొద్దు విడిచి బాన్సువాడ పోతే బస్టాండులో గోపాల్ కనపడ్డాడు. కాలిపోయిన మోటరును వైండింగుకు తెచ్చాడు. తప్పించుకుందామంటే ఎదురే వచ్చాడు.

"బావా, మంచిగున్నవా?"

"నీ కంటికి ఎట్ల కనపడ్తున్న? నీది పెద్ద కన్ను గద."

మోటరు కింద పెట్టాడు. "పదేండ్ల సంది గిదే మాట. నేనేమన్న బావా? చిన్నగుందన్న. అబద్ధమని నా నోట వచ్చిందా? గది మా వదినె అన్న మాట."

"నువ్వు చిన్నగుందన్నవు గనకనే ఆమె అబద్ధమన్నది."

"నువ్వు ఏనుగన్నవు, ఊరంత నన్ను జూసి నవ్విండ్రు. మళ్లా నోరు తెరుస్తనా?" మోటరు మీది దుమ్ము దులిపాడు. "గానీ గది నీలమే బావా. గది నేను నా కండ్లతోని జూసిన."

నా చెవులను నేనే నమ్మలేదు. "నీలమని చూసినవా? చూసి పదేండ్లు నోరు మూసుకున్నవా? మీ వదినె నన్ను తిడుతుంటే పక్కన నిలబడి ఇన్నవా?"

"ఏమని చెప్పాలె? నీలమంటే మరి పాలపిట్టనే గదరా అంటరు. పాలపిట్ట కాదంటే మరి అబద్ధమే గదరా అంటరు. నడిమిట్ల ఉన్నదానికి నాకు పేరు తెల్వకపాయె."

ఆ పేరు నా జేబులో ఉంది.

బస్టాండు నడుమ నిలబడి వాణ్ని నానా మాటలన్నాను. సోడా బండి వాడు కూడా వచ్చి చూశాడు. గోపాల్ మోటరు భుజానికెత్తుకొని పోయాడు.

ఫిబ్రవరి 17

గోపాల్‌కు ఫొటో చూపలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఎండ కాలుస్తోంది. మోదుగలు పూశాయి. పిట్ట ఉంది. ఇప్పచెట్టు మీద పొద్దున, సాయంత్రం. నడి ఎండలో మామిడితోపులోకి పోతుంది. దాని ఫికర్ నాకెందుకు? తూము దాకా నడవమని డాక్టరు చెప్పాడు కాబట్టి పోతున్నాను.

మంజులను అడిగాను, ఎప్పుడు పోతుందని. ఉగాది అటూ ఇటూ కావచ్చు, చెప్పి పోదు కదా తాతా అన్నది.

మార్చి 1, ఆదివారం

బిచ్కుంద పోయాను.

పూలమ్మకు నస్రుల్లాబాద్ అని చెప్పి పోయాను. ఆమె నమ్మలేదు. అయినా సంచిలో అప్పాలు పెట్టింది. నస్రుల్లాబాద్‌లో ఎవరికి అప్పాలు?

పోసవ్వ దొడ్లో బర్రెకు కుడితి పెడుతోంది. వంగిపోయింది. జుట్టు మా అమ్మ జుట్టులాగే అయ్యింది. నన్ను చూసింది, చూడనట్టు బర్రె వైపు తిరిగింది.

"ఏమే, ఎవలో వచ్చిండ్రు. తొవ్వ తప్పిండ్రేమో అడుగు."

బర్రెతో మాట్లాడుతోంది! సరే, నాకు మాత్రం బర్రెతో మాట్లాడడం రాదా?

"తొవ్వ తప్పలేదని చెప్పు. కాలువ మీద బతికినోనికి బిచ్కుంద తొవ్వ తెల్వదా అని చెప్పు."

"పిట్టలు తెల్వనోళ్లకు తొవ్వలేం తెలుస్తయని అడుగు."

"పిట్ట సంగతే చెప్పనీకొచ్చిన అని చెప్పు."

"చాయ్ తాగుతడేమో అడుగు."

"తాగనని చెప్పు."

"తాగకపాయె. చక్కెర మిగిలిందని చెప్పు."

బర్రె ఇద్దరినీ చూస్తూ కుడితి తాగుతోంది. ఫొటో తీసి దొడ్డిగోడ మీద పెట్టాను. గాలికి పోకుండా పైన రాయి పెట్టాను. "గా దినం ఇప్పచెట్టు మీద పిట్ట ఉండెనని చెప్పు. లేని పిట్టను సూపలే. గిదే పిట్ట. మీ గోపాల్ గూడ నీలమే జూసిండు, అడగమను. చలికి గుట్టల మీదికెల్లి వస్తది. పాలపిట్టని..."

అక్కడ మాట ఆగింది. బర్రెతో కూడా చెప్పలేకపోయాను.

పోసవ్వ చేతులు కొంగుకు తుడుచుకొని వచ్చింది. ఫొటోను చాలాసేపు చూసింది.

"ఫొటోల ఏముంటది? ఫొటోల నిమ్మకాయ గుమ్మడికాయంత ఉంటది. గిది పావురమంత ఉందో పిచ్చుకంత ఉందో నాకెట్ల తెలుస్తది? సూపియ్యనీకొస్తే ఎవలన్న ఏదన్న సూపిస్తరని చెప్పవే."

"ఎవలకన్న సూపు, గా చెట్టు మీదిది గీ పిట్టనే అంటరు!" అన్నాను. అరిచాననుకుంటాను. బర్రె బెదిరి తాడు గుంజింది.

అప్పుడు పోసవ్వ బర్రెను మరిచిపోయింది. నా మొహంలోకే చూసి అన్నది. "అన్నా, చెప్పులిడిశి మొక్కిండు నా మొగడు. దేనికి మొక్కిండో నాకు తెల్వాలెనా, వద్దా?"

పదేళ్ల తర్వాత అన్నా అన్నది. అని మళ్లీ బర్రె వైపు తిరిగింది. "ఆయనకు బస్సు యాళ్లయిందని చెప్పు."

అప్పాల సంచి గోడ మీద పెట్టి వచ్చేశాను. ఫొటో కూడా అక్కడే ఉండిపోయింది. మరిచిపోయాను.

మార్చి 2

మరిచిపోలేదు.

మార్చి 8, ఆదివారం

పిట్ట లేదు. పొద్దున లేదు, సాయంత్రం లేదు. తోపులోకి పోయి చూశాను, కాకులు తప్ప ఏమీ లేవు. చూసుకోకుండా వేసుకున్న చెప్పు పూలమ్మది. తోవంతా తిట్టుకుంటూ వచ్చాను. ఎవరిని తిట్టానో నాకే తెలియదు. ఇంకొన్ని రోజులు ఉంటే దానికేం పోయింది? గుట్టల మీద దానికేమన్నా తూములు ఎత్తే పనుందా?

మార్చి 9

ఉంది. పొద్దుగూకేటప్పుడు వచ్చింది. బతికింది, లేకపోతే నా చేతుల్లో చచ్చేది.

మార్చి 15, ఆదివారం

రేపు పొద్దున గోపాల్‌కు ఫోన్ చేసి ఇది చదివి వినిపిస్తాను. ఒక్క ముక్క కలపవద్దు, ఒక్క ముక్క తీయవద్దు అని ముందే చెబుతాను. పోసవ్వకు చెప్పనీ. ఆమె వినకపోతే బర్రెకు చెప్పనీ, ఆమె వినేటట్టు.

పోసవ్వా.

పిట్ట ఇంకా కట్ట మీదే ఉంది. ఎండలు ముదిరితే పోతుంది. ఫొటోలో సైజు తెలియదన్నావు, ఒప్పుకున్నాను. వచ్చి చూడు. పగలు వద్దు. పొద్దుగూకే వేళ రా, ఆ వెలుగులోనే చూడాలి. బావ చెప్పులు విడిచిన చోటు నాకు తెలుసు, అక్కడే నిలబడు. గోపాల్‌ను పక్కన పెట్టుకో. వాడి నోరు ఈసారి నేను మూయను.

నేను వేలు చూపను. చేతులు రెండూ వెనక్కి కట్టుకొని నిలబడతాను. నీ కళ్లతో నువ్వే వెతుక్కో.

చూసి నాకు జవాబు చెప్పు. నీ అన్న లేని పిట్టను చూపాడా, ఉన్న పిట్టను చూపాడా? తెలిసి చూపాడా, తెలియక చూపాడా? ఏది చెప్పినా నా మొహం మీదే చెప్పు, బర్రెకు కాదు. బావ దేనికి మొక్కాడో ఆ చెట్టు కింద నిలబడి నువ్వే చెప్పు. నువ్వు చెప్పిందాన్నే ఊరిని అనమంటాను.

గురువారం ఉగాది. ఆ రోజు పొద్దుగూకేలోగా నాకు జవాబు కావాలి.